చిటికెనవేలంత గొట్టం

“ఒకసారి నీ చెవులు డాక్టరుకి చూపించుకో రోడా,” అన్నాడు మా ఆయన లాంబర్ట్, ఉడకబెట్టిన గుడ్డు నెత్తిన చెంచాతో కొడుతూ. ఆ మాట అనేటప్పుడు నా వైపు చూడలేదు, గుడ్డు వైపే చూశాడు. అప్పటికి నేను పొయ్యిలో బూడిద ఎత్తి, నిప్పు రాజేసి, అత్తగారికి వేడినీళ్ళు మేడమీదకి మోసి, జావ కాచి, ఆయన ఆర్గన్ వాయించేటప్పుడు వేసుకునే పలచటి బూట్లకి నూనె పట్టించి, నా టీ నేను పోసుకుంటున్నాను. ఎందుకూ అన్నాను. “మొన్న శనివారం కచేరీలో పైన పిల్లనగ్రోవి స్వరాలు మరీ కీచుమంటున్నాయని సైగ చేశావు. అక్కడ అలాంటిదేం లేదు. ఎనిమిది నెలలుగా ఇదే వరస. నీకేం వినిపిస్తోందో నీకే తెలియాలి.” అత్తగారు రొట్టె మీద వెన్న రాసుకుంటూ, “చూపించుకుంటే పోయేదేముంది? నలభై దాటాక ఆడదానికి ఏదో ఒకటి పట్టుకుంటుంది,” అంది. వాళ్ళిద్దరూ ఒకరి తర్వాత ఒకరు ఆ మాటలన్న తీరు చూస్తే, నేను వంటింట్లో ఉన్నప్పుడు ఒకసారి చెప్పి చూసుకున్నట్టు అనిపించింది. అప్పుడే నాకు అనుమానం మొదలైంది. దేనిమీద అనుమానమో మాత్రం తెలియలేదు.

మా క్రాగ్‌థార్ప్ టౌన్ హాల్లోకి ఆ ఆర్గన్ రాణిగారి వజ్రోత్సవం ఏడు వచ్చింది. మిల్లుల వాళ్ళు చందాలు వేసుకుని పెట్టించారు. చర్చిలో కీర్తనల వెనక మూలుగుతూ ఉండే వాయిద్యం కాదది. ఫిడేళ్ళ గుంపు, క్లారినెట్టు, ఓబో, వేటకొమ్ములు, సముద్రం హోరులాంటి అడుగు స్వరాలు, అన్నిటి గొంతులూ ఆ గొట్టాల్లో ఉంటాయి. ఏ గుబ్బ లాగితే ఆ గొంతు పలుకుతుంది. సగం గొట్టాలు పెద్ద చెక్క గదిలో ఉంటాయి, ఆ గది తలుపుల్ని కాలితో మెల్లగా తెరుస్తూ మూస్తూ ఉంటే ఫిడేళ్ళు దూరం నుంచి దగ్గరికి నడిచి వచ్చినట్టుంటుంది. అసలు ఆర్కెస్ట్రాని కళ్ళతో చూసినవాళ్ళు మా ఊళ్ళో పాతికమంది కూడా ఉండరు. మిగతావాళ్ళకి శనివారం మధ్యాహ్నం మిల్లు ఆగాక, జుట్టులో దూదిపోగులతోనే వచ్చి బెంచీల మీద కూర్చుంటే, లాంబర్టే ఆర్కెస్ట్రా. ఎనభైమంది వాయించాల్సింది ఒక్క మనిషి రెండు చేతులతో, రెండు కాళ్ళతో వాయిస్తాడు. వాళ్ళు కళ్ళు మూసుకుని వింటారు.

అయితే ఇందులో ఒక చిక్కుంది. వాయించే మనిషి గొట్టాల కిందే కూర్చుంటాడు. దగ్గరున్నది మోగిపోతుంది, దూరంగా ఉన్నది ఆయనదాకా రాదు. హాలుకి ఏం వినిపిస్తోందో ఆయనకి తెలియదు. అందుకని మొదటి ఏడు నుంచీ మంగళవారం, శుక్రవారం ఖాళీ హాల్లో ఆయన వాయిస్తుంటే నేను పై గ్యాలరీలో మొదటి వరసలో కూర్చుని నోటుపుస్తకంలో రాసుకునేదాన్ని. ఇక్కడ క్లారినెట్టు మునిగిపోయింది, ఇక్కడ ఫిడేళ్ళకి పైన కాస్త వెలుగు కావాలి, ఇక్కడ అడుగు స్వరాలు బురదలా ఉన్నాయి. ఓబోకి ఒక మెత్తటి ఫ్లూటు జోడిస్తేనే అది దూరంగా మోగే కొమ్ములా వినిపిస్తుందని కనిపెట్టింది నేను. ఆ ఒక్క మెలకువకే పత్రికలో మూడుసార్లు లాంబర్ట్‌ని పొగిడారు. శనివారం కచేరీలో ఆయన ముందు చిన్న అద్దం ఉంటుంది, అందులో నేను కనిపిస్తాను. నా చేతిలో కార్యక్రమం కాగితం గడ్డం దగ్గర పెడితే పైన కీచుగా ఉందని, ఒళ్ళో పెడితే కింద ఎక్కువైందని, ఎడమ భుజానికి ఆనిస్తే ఫిడేళ్ళు తగ్గించమని. పదమూడేళ్ళలో ఇది మా ముగ్గురికి తప్ప ఎవరికీ తెలియదు. “హాయిగా మెత్తటి కుర్చీలో కూర్చుని రావడం కూడా ఒక పనేనా?” అనేది అత్తగారు, నేను తిరిగొచ్చి ఏప్రను కట్టుకుంటూ ఉంటే.

డాక్టరు నెటిల్టన్ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి లాంబర్ట్‌తో మాట్లాడాడు. ఎప్పటినుంచి ఇలా ఉంది, రాత్రుళ్ళు నిద్ర పడుతోందా, ఊరికే కన్నీళ్ళు పెట్టుకుంటోందా. అన్నిటికీ లాంబర్టే జవాబు చెప్పాడు. నేను పక్కన గొడుగులా ఉన్నాను. డాక్టరు నా చెవుల్లో గరాటా పెట్టి చూశాడు. తర్వాత జేబులోంచి గడియారం తీసి చెవి దగ్గర పెట్టి, దూరం జరుపుతూ, “టిక్కుటిక్కు వినిపించడం మానేస్తే చెప్పండి,” అన్నాడు. చెయ్యి పూర్తిగా చాచాడు. వినిపిస్తోందన్నాను. రెండడుగులు వెనక్కి వేశాడు. వినిపిస్తోందన్నాను. అప్పుడు గడియారం జేబులో పెట్టుకుని, “అతిగా వినిపించడం కూడా ఒక జబ్బేనండీ. నరాల బలహీనత,” అని లాంబర్ట్‌కి చెప్పాడు. వినపడకపోతే చెవుడు, వినపడితే నరాలు. ఏ దారిన వెళ్ళినా నన్ను మంచం దగ్గరికే చేరుస్తున్నాడు. టానిక్కు రాశాడు, రెండు నెలలు సంగీతం వద్దన్నాడు. లేస్తూ ఉండగా బల్ల మీద ఒక ఉత్తరం కనిపించింది. నా పేరుతో మొదలైంది, లాంబర్ట్ చేతిరాత. నేను నోరు విప్పకముందే నా జబ్బు అక్కడికి చేరి కూర్చుంది.

ఇంటికి వస్తూ దారిలో, “నీ మంచికే,” అన్నాడు. మరి గ్యాలరీలో ఎవరు కూర్చుంటారు అన్నాను. “ఎవరూ అక్కర్లేదు. ఇన్నేళ్ళు వాయించాను, ఆ మాత్రం నాకు తెలియదా?” అన్నాడు. ఆ మాత్రం తెలిస్తే పదమూడేళ్ళు వారానికి రెండుసార్లు ఆ చలిలో నన్నెందుకు కూర్చోబెట్టాడో నేను అడగలేదు. పైగా ఇది ఎలాంటి సమయమో ఆయనకి తెలుసు. ఆల్డర్‌ఫోర్డ్ నగరం వాళ్ళు తమ కొత్త హాలుకి ఆర్గన్ వాయించే మనిషి కోసం చూస్తున్నారు. ఫర్త్ గారని వాళ్ళ కౌన్సిల్లో పెద్దమనిషి, మరి నలుగురిని వెంటబెట్టుకుని ఈ నెల మూడో శనివారం లాంబర్ట్ కచేరీ వినడానికి వస్తున్నారు. జన్మలో ఒక్కసారి వచ్చే అవకాశం. అలాంటి కచేరీకి ముందు నన్ను గ్యాలరీలోంచి లేపేస్తున్నాడు.

సోమవారం బట్టలుతికే రోజు. దుప్పట్లు విడదీస్తుంటే లాంబర్ట్ దిండు మీద నూనె మరక కనిపించింది, రాణిగారి నాణెమంత. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. లవంగాల వాసన. లాంబర్ట్ తలకి నూనె రాయడు. అంతకు ముందు సోమవారం దిండుకి కూడా ఉందేమో, నేను చూసుకోకుండా నీళ్ళలో వేసేశానేమో. పిచ్చిదానిలా ఆయన కోటు కాలరు వాసన చూశాను, కండువా వాసన చూశాను. మిస్ హోయల్ అని పాఠాలు నేర్చుకునే అమ్మాయి ఒకతి వస్తుంది, గోధుమరంగు జుట్టు, ఎప్పుడూ ఏదో గుర్తొచ్చినట్టు నవ్వుతూ ఉంటుంది. అంతా అతికినట్టే సరిపోయింది. నన్ను జబ్బుదాన్ని చేసి ఇంట్లో కూర్చోబెట్టి, గ్యాలరీ కుర్చీలో ఆ అమ్మాయిని కూర్చోబెడతాడు. రాత్రి భోజనం దగ్గర, “మిస్ హోయల్ తలకి ఏం రాసుకుంటుంది?” అని అడిగేశాను. లాంబర్ట్ నిజంగానే అర్థంకానట్టు చూశాడు. అత్తగారు మాత్రం చెంచా కింద పెట్టింది. ఆ చెంచా చప్పుడు నాకు గుర్తుండిపోయింది.

బుధవారం సాయంత్రం ముగ్గురం వంటింట్లోనే తింటున్నాం, చలికి పైగదిలో నిప్పు వేయడం దండగని. మా పొయ్యి వెనక ఇటుకల సందులో చలికాలమంతా కీచురాయి ఉంటుంది. పొయ్యి వెచ్చగా ఉన్నంతసేపూ అరుస్తూనే ఉంటుంది. “చంపుకు తింటోందే ఇది. నిన్న కంటిమీద కునుకు లేదు,” అంది అత్తగారు. లాంబర్ట్ తలెత్తి, “ఏది?” అన్నాడు. “కీచురాయి.” “ఏ కీచురాయి?” అన్నాడు. అది అప్పుడు కూడా అరుస్తూనే ఉంది, ఆయన వీపుకి బారెడు దూరంలో. అత్తగారు నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచింది. “ఏం లేదులే నాన్నా. నా చెవుల్లోనే ఏదో రొద. ముసలితనం,” అని పులుసు తాగడం మొదలుపెట్టింది. వడ్డించబోయిన గరిటె నేను మళ్ళీ గిన్నెలో పెట్టేశాను. పోయిన ఏడాది వరకూ ఆ కీచురాయి మా కాపురంలో నాలుగో మనిషి. స్వరం తప్పిన ఈల చెవిలో పెట్టుకుని నేనెలా పని చేసుకోవాలని లాంబర్ట్ ఇనపకడ్డీ తీసుకుని వచ్చేవాడు, నేను ఇటుకల సందుల్లో మరిగే నీళ్ళు పోసేదాన్ని. ఈ చలికాలం మొత్తంలో ఒక్కసారి కూడా ఆయన దాని ఊసెత్తలేదు. నేను కూడా, ఒక తిట్టు తప్పింది కదా అని, ఎందుకు ఎత్తలేదో ఆలోచించలేదు.

మర్నాడు ఆర్గన్ సరిచేసే జేబెజ్ కబురంపాడు. అతను గొట్టాల మధ్యకి దూరి ఒక్కొక్కదాన్నీ శ్రుతి చేస్తుంటే, బయట ఒకరు కూర్చుని ఒక్కొక్క మెట్టూ నొక్కి పట్టుకోవాలి. అతని మనిషికి జ్వరం వచ్చిందట, కాస్త వస్తారా అమ్మా అని. లాంబర్ట్ పాఠాలకి వెళ్ళాడు. సంగీతం వద్దన్నారు గానీ మెట్టు నొక్కడం సంగీతం కాదు కదా అనుకుని వెళ్ళాను. లోపలి నుంచి జేబెజ్ “ఊ” అంటే తర్వాతది నొక్కాలి. చిన్న పిల్లనగ్రోవి వరసకి వచ్చాం. అది అన్నిటికన్నా పైన ఉండే గొంతు. నాలుగో మెట్టు నొక్కి, “ఇది పైకి పోయింది,” అన్నాను. లోపల చప్పుడు, “నిజమే,” అన్నాడు. “ఇది కిందికి.” “నిజమే.” అలా పదకొండు చెప్పాను. కాసేపటికి జేబెజ్ భుజాల నిండా దుమ్ముతో బయటికి వచ్చి నా ముఖం చూశాడు.

“మీ చెవులు పాడయ్యాయన్నారే అమ్మా, మీ ఆయన సగ్డెన్ గారు?”

“మీకూ చెప్పారా?”

“ఊరంతా చెప్పారు.” చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. “నేను చెప్పకూడదు. ఆర్గన్ ఆయనది, నేను పనివాణ్ణి. కానీ ఈ పై వరస ఇంత గట్టిగా ఎందుకు మోగుతోందో తెలుసా మీకు? పై స్వరాలు చచ్చిపోయాయని గాలి పెంచమన్నారు, పెంచాను. మళ్ళీ పెంచమన్నారు. మూడోసారి అడిగితే, ఇంక పెంచితే కుక్కలు మొరుగుతాయండీ అన్నాను. కోప్పడ్డారు. పెంచాను.”

“నేను ఎనిమిది నెలలుగా చెప్తున్నది అదే.”

“మీరు చెప్పే ఉంటారనుకున్నానమ్మా. అందుకే మీ చెవులు పాడయ్యాయేమో,” అన్నాడు. నవ్వబోయి మానేశాడు. వెళ్ళేటప్పుడు సొట్టపడి తీసేసిన పాత గొట్టం ఒకటి అడిగి తీసుకున్నాను. ఆ వరసలో ఆఖరిది, నా చిటికెనవేలంత ఉంటుంది. ఎందుకమ్మా అన్నాడు. దాచుకుంటానన్నాను.

ఇంటికి వచ్చేసరికి లాంబర్ట్ కిటికీ పక్క కుర్చీలో పత్రిక చదువుకుంటున్నాడు. అత్తగారు ఎదురుగా మేజోడు అల్లుతోంది. నేను టీ పళ్ళెం బల్ల మీద పెట్టి, లాంబర్ట్ కుర్చీ వెనక్కి వెళ్ళి, ఆ గొట్టం పెదాల దగ్గర పెట్టుకుని గట్టిగా ఊదాను. సూదితో పొడిచినట్టు మోగింది. అత్తగారు రెండు చెవులూ మూసుకుంది, ఊలు ఉండ దొర్లుకుంటూ బల్ల కిందికి పోయింది. వీధిలో ఎవరో తలతిప్పి మా కిటికీ వైపు చూశారు. లాంబర్ట్ పత్రికలో పేజీ తిప్పాడు. “ఇవాళైనా రొట్టెకి జాము తెచ్చావా?” అన్నాడు నాతో, తల తిప్పకుండానే. తెచ్చానన్నాను. ఆ క్షణంలో ఆయన మీద నాకు కోపం రాలేదు. పాపం అనిపించింది. ఫిడేళ్ళకి వెలుగునిచ్చేదంతా ఆ పై స్వరాల్లోనే ఉంటుంది. అది లేకుండా ఈయన ఎన్నాళ్ళుగా వాయిస్తున్నాడో, మసక చీకట్లో తడుముకునే మనిషిలా.

అత్తగారు నా వెనకే వంటింట్లోకి వచ్చి తలుపు మూసింది. “దాన్ని ఇలా ఇయ్యి,” అని చెయ్యి చాచింది. నేను ఇవ్వలేదు.

“మీకు ముందే తెలుసు,” అన్నాను.

“తెలుసు. అక్టోబర్లో వచ్చి నా ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాడు, యాభై ఏళ్ళ మొగాడు. పైన ఉన్నవన్నీ దుప్పటి కప్పినట్టు ఉన్నాయమ్మా అన్నాడు. నువ్వు బజారుకి వెళ్ళినప్పుడల్లా లవంగం వేసి కాచిన నూనె చెవుల్లో పోస్తున్నా. తగ్గలేదు.”

“నా చెవులు పాడయ్యాయని చెప్పమన్నది?”

“నేనే.” ఆవిడ కళ్ళు దించుకోలేదు. “పైన కీచుగా ఉందని నువ్వు, లేదని వాడు. ఇద్దరిలో ఒకరి చెవులు పోయినట్టే కదా. ఎవరివో ఒకరివి అనుకోక తప్పదు, రేపు నువ్వు ఎవరి దగ్గరన్నా ఈ మాట అంటే జనం అడుగుతారు. వాడు చెవులతో ఈ ఇంటికి తిండి పెడుతున్నాడు. నువ్వు నీ చెవులతో ఏం తెస్తున్నావమ్మాయ్? అవి పోయాయంటే నీకేం పోతుంది, నీ జీతం ఎవరన్నా ఆపుతారా?”

నేను గొట్టాన్ని గుప్పిట్లో బిగించాను. ఆవిడ గొంతు కాస్త మెత్తబడింది. “మీ మామగారికి చూపు మందగించినప్పుడు మగ్గం మీద తప్పులన్నీ నావేనని చెప్పుకున్నా. మిల్లు ఓవర్‌సీరు అందరి ముందూ నోటికొచ్చినట్టు తిట్టాడు. పడ్డా. ఆరేళ్ళు పడ్డా. చచ్చిపోయానా?” అంది. నలభై ఏళ్ళ కిందటి ఆ తిట్లు ఆవిడ ముఖంలో ఇంకా ఉన్నాయి. చచ్చిపోలేదు, నిజమే. నేను లవంగం వాసన పట్టుకుని ఆడదాన్ని వెతికాను, ఆడదే దొరికింది. ఆవిడ మీద జాలీ అసహ్యమూ రెండూ ఒకేసారి వచ్చాయి. కానీ ఆవిడ అన్న మాట మాత్రం ముల్లులా దిగింది. పదమూడేళ్ళు నేను చేసిందానికి ఎవరూ జీతం ఇవ్వలేదు కాబట్టి, అది పోతే ఏమీ పోయినట్టు కాదట. నా చెవులు ఇంట్లో అదనంగా పడి ఉన్న సామాను, అవసరం వచ్చింది, వాడేసుకున్నారు.

శుక్రవారం మధ్యాహ్నం భోజనం దగ్గర అత్తగారు పక్కింటికి వెళ్ళే దాకా ఆగి లాంబర్ట్‌తో చెప్పాను. కత్తీ ఫోర్కూ పట్టుకున్న చేతులు ఆగిపోయాయి. “అమ్మ చెప్పిందా?” అన్నాడు. లేదు, మీకు వినిపించకపోవడం నేనే చూశాను అన్నాను. ప్లేటు పక్కకి జరిపాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను చెయ్యి పట్టుకున్నాను, ఎన్నాళ్ళకో.

“చెవులు పోవడం మీ తప్పు కాదు. పోయినవి నావని చెప్పడం తప్పు,” అన్నాను. “రేపు నేను నా కుర్చీలో కూర్చుంటాను. పైన ఎంత తగ్గించాలో నేను చెప్తాను, మీరు తగ్గించండి. ఇంతకాలం చేసిందే కదా. మీరు వాయించగలరు, ఇంకా పదేళ్ళు వాయించగలరు. నేను అడిగేది ఒక్కటే. ఆ ఫర్త్ గారికి చెప్పండి, మా రోడా చెవులు శుభ్రంగా ఉన్నాయి, నేను ఆవిడ చెవులతోనే వాయిస్తాను అని. మీ సంగతి చెప్పక్కర్లేదు. నా సంగతి చెప్పండి చాలు.”

“చెప్తాను,” అన్నాడు. “రేపు కచేరీ అయిపోనీ. టీ దగ్గర చెప్తాను.” తర్వాత, “పుస్తకం ఎక్కడ పెట్టావు? రేపటి కచేరీలో నెమ్మది ముక్కకి ఏ గుబ్బలు లాగాలని రాశావో చూసుకోవాలి,” అన్నాడు. ఇచ్చాను. ఆ మాట నమ్మాలా వద్దా అని రాత్రంతా అటూ ఇటూ దొర్లాను. నమ్మాలనే ఉంది. మనిషి మాటని సగం నమ్మడం ఎంత కష్టమో, పూర్తిగా అనుమానించడం అంత కష్టం కాదు.

శనివారం హాలు కిటకిటలాడింది. మొదటిది ఒక ఒపెరా ముందు వాయించే తుఫాను సంగీతం, బెంచీలు అదిరిపోయాయి. పైన కొంచెం పదునుగా ఉందని కాగితం గడ్డం దగ్గర పెట్టాను, లాంబర్ట్ వెంటనే ఒక గుబ్బ లోపలికి తోశాడు. నా గుండె తేలికపడింది. రెండోది నెమ్మదిగా సాగే ముక్క. సాయంత్రం వెలుతురు పొలాల మీంచి వెళ్ళిపోతున్నట్టుంటుంది, అంతా ఫిడేళ్ళే, ఒక్కచోట మాత్రం ఒక ఒంటరి క్లారినెట్టు. ఎక్కడ ఏ గొంతు రావాలో ప్రతిదీ నేను రాసిందే. చెక్క తలుపులు మెల్లగా తెరుచుకుంటున్నాయి, ఫిడేళ్ళు దగ్గరికి వస్తున్నాయి, అప్పుడు పైన ఒక సన్నటి ఈల మొదలైంది. గొట్టం ఒకటి ఇరుక్కుపోయింది. ఇంత జనం ఊపిరి తడికి అలా అవుతుంది ఒక్కోసారి. మెట్టు వదిలేసినా అది మోగుతూనే ఉంటుంది. ఆ వరస గుబ్బ ఒక్కటి లోపలికి తోస్తే చాలు, ఆగిపోతుంది. లాంబర్ట్ తొయ్యలేదు. ఆయనకి తెలియదు.

కాగితం గడ్డం దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన కళ్ళు అద్దంలోకి లేచాయి, నన్ను చూశాయి. చూశాడు, నాకు తెలుసు. కాగితం ఊపాను. ఆయన చూపు తిప్పేసుకున్నాడు. ఇందాక తుఫానులో తగ్గించాడు గానీ, ఇంత మెత్తటి ముక్కలో పైన కీచుగా ఉండటానికి ఏముందని అనుకున్నాడో, నా మాట వింటే నిజంగానే చెవులు పోయినట్టు ఒప్పుకోవాలని అనుకున్నాడో. ఆ ఈల మిగతా ముక్క అంతా, ఆ ఒంటరి క్లారినెట్టు మీదుగా, ఆఖరి ఫిడేళ్ళ మీదుగా, అలా మోగుతూనే ఉంది. జనం పైకప్పు వైపు చూశారు. నా పక్క కూర్చున్న నేతగాడు తన భార్యతో, “పిట్టని కూడా పెట్టారే ఇందులో,” అన్నాడు సంబరంగా. ఆర్గన్లో లేనిది లేదని నమ్మిన జనం వాళ్ళు. ఫర్త్ గారు మాత్రం పక్కవాడి చెవిలో ఏదో చెప్పాడు.

టీ ఇచ్చింది మేయరుగారి గదిలో. అత్తగారు నల్ల పట్టు గౌనులో కప్పులు అందిస్తోంది. ఐదుగురు పెద్దమనుషులు, హ్యాము ముక్కలు, కేకు. ఫర్త్ గారు పొట్ట ముందు కప్పు పట్టుకుని, “అంతా బ్రహ్మాండంగా ఉందండీ సగ్డెన్ గారూ, కళ్ళు మూసుకుంటే నిజంగా ఆర్కెస్ట్రానే. కానీ ఆ రెండో దాంట్లో మధ్యలో మొదలై చివరిదాకా ఒక ఈల మోగింది. అది దేనికి?” అన్నాడు.

లాంబర్ట్ ముఖం నాకు తెలిసినంతగా తనకే తెలియదు. ఈల మోగిందని ఆయనకి తెలిసింది ఆ నిమిషంలోనే. నా వైపు చూశాడు. ఇప్పుడు చెప్తాడు అనుకున్నాను. కప్పు బల్ల మీద పెట్టి, చేతులు ఒకదాన్నొకటి పట్టుకుని, చెప్పే మాట కోసం ఎదురుచూశాను.

“అదాండీ, ఒక గొట్టం ఇరుక్కుంది,” అన్నాడు. “మామూలుగా అయితే వెంటనే ఆపేసేవాణ్ణే. కానీ మా ఆవిడ పైన కూర్చుని కాగితం ఊపుతోంది, మీరు చూసే ఉంటారు. పాపం ఈ మధ్య ఒంట్లో బాగుండటం లేదు, చెవులు, నరాలు. డాక్టరు రావద్దన్నాడు, వినదు. తనకేమన్నా అవుతుందేమోనని నా ధ్యాసంతా అటే పోయింది.”

ఐదుగురూ ఒక్కసారి నా వైపు తిరిగారు, ఐదు ముఖాల్లోనూ ఒకటే జాలి. అత్తగారు ఎవరికో టీ పోస్తూ కప్పులోకే చూస్తోంది. నేను లాంబర్ట్ కోసం ఇంకాస్త ఆగాను. ఇప్పుడైనా చాలు, ఒక్క మాట. ఆయన కేకు ముక్క తీసుకున్నాడు. ఫర్త్ గారు నా దగ్గరికి వచ్చి, నా భుజం మీద చెయ్యి వేసి, ముఖం నా ముఖం దగ్గరికి తెచ్చి, చంటిపిల్లతో మాట్లాడినట్టు ఒక్కొక్క మాటే విడదీస్తూ, గదంతా మోగేలా, “ఇప్పుడు, ఎలా, ఉందమ్మా, మీకు?” అని అరిచాడు.

“అంత గట్టిగా నాతో అక్కర్లేదు ఫర్త్ గారూ,” అన్నాను, మామూలు గొంతుతో. “ఆ ఈల ఏ గొట్టందో, ఏ స్వరందో కూడా చెప్తాను నేను. అది వినిపించనిది ఆయనకి.”